గ్రౌండ్ బాగుందని పెట్టిన సంతకం

శనివారం, రాత్రి

గ్రౌండ్ మేనేజర్ కోర్సు పాసై నెల కాలే. ఇయ్యాల కోకాపేట గ్రౌండ్ల మడమతోని నొక్కితే నీళ్లు ఊరినయ్.

"ఇయ్యాల ఆట వద్దు సార్" అన్న.

"కంపెనీల క్రికెట్ టోర్నమెంట్ యాదగిరీ, ఆపలేం. సర్టిఫికెట్ ఉన్నది నీకే కదా, గ్రౌండ్ బాగుందని సంతకం పెట్టు" అన్నడు మా సారు.

పెట్టిన.

మూడో ఓవర్ల బౌలింగ్ చేస్తున్న అమ్మాయి జారిపడ్డది. మోకాలు తిరిగిపోయింది. స్ట్రెచర్ మీద పడుకొని నన్నే అడిగింది: "అన్నా, గ్రౌండ్ బాగుందన్నారు కదా?"



పన్నెండేండ్ల సంది గడ్డి చూస్తున్న. తడి గ్రౌండ్ల ఆడొద్దని కోర్సుల చెప్పింది నాకు ముందే ఎరుకే. ఇంట్ల మా ఆమె "ఏమైంది, తింటలేవు?" అన్నది. ఆకలి లేదన్న. ఏడుపు గూడ వస్తలేదు.

ఆ అమ్మాయిని ఏ దవాఖానకు తీస్కపోయిన్రో అడగలే. అడగాలని గూడ అనిపించలే...