అగ్గి అడిగిన దెయ్యం

నాన్నమ్మా,

నువ్వు మమ్మల్ని వదిలి వెళ్లిపోయి ఏడాదైంది. ఇవాళ కాలేజీలో మేడమ్ మా ఇళ్లల్లో చెప్పుకునే దెయ్యం కథలు చెప్పమన్నారు. రూప వాళ్ల బెంగాలీ దెయ్యం వేయించిన చేప అడుగుతుందట. సెల్వి వాళ్ల తమిళ దెయ్యానికి తాంబూలంలోకి సున్నం కావాలట. నేను నీ కథ అందరికీ తెలిసిన హిందీలో చెప్పాను. పెళ్లికి ముందు మీ ఊళ్లో, చీకటిపడ్డాక చుట్ట పట్టుకుని నీ గుమ్మంలోకొచ్చి, "అప్పా, అగ్గుందేటి?" అని అక్కను పిలిచినట్టు పిలిచి అడిగిన ఆడదెయ్యం కథ. ఆగ్ అంటే అది నీ దెయ్యంలా అనిపించదు, అందుకే అగ్గి అనే చెప్పి, తర్వాత అర్థం వివరించాను.

"ఫిర్ క్యా హువా? దాదీనే దియా కి నహీ?" అంది రూప.

నువ్వు ఇచ్చావో లేదో నాకు తెలియదు. కథ అక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ నిద్రపోయేదాన్ని. రేపు చెబుతానని ఇంటికొచ్చి నాన్ననడిగితే నవ్వాడు.

"నాకేటి తెలుసే? నానూ అక్కడికే తొంగుండిపోయేవోణ్ని."

ఇక అడగడానికి ఎవరూ లేరు. అయినా రేపు ఇచ్చావనే చెబుతాను. గుమ్మంలోకొచ్చి అడిగినవాళ్లను నువ్వు ఉత్త చేతులతో పంపడం నేను చూడలేదు. అగ్గిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, "ఎవుల పిల్లవే? తిన్నావేటి?" అని కూడా అడిగుంటావు.

నీ మనవరాలు