నాలుగు మూలలకు నాలుగు రాళ్లు

లిమరిక్,
నవంబరు 2, ఆదివారం.

నాయినకూ అవ్వకూ దేవమణి దండాలు. ఇక్కడ నేను బాగున్నాను, వానలు నాకన్నా బాగున్నాయి. అక్కడ మీరిద్దరూ, మందా, కొత్తగా ఈనిన తల్లులూ పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటున్నాను. ఈ ఉత్తరం చదివి వినిపించే బ్రహ్మయ్య సారుకు నమస్కారాలు. సారూ, ఈసారి ఉత్తరం పొడుగు. మంచినీళ్లు పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి.

నాయినా, ఫోన్ చేస్తే "తిన్నవా బిడ్డా, పైలం" అని అవ్వ చేతికిచ్చేస్తావు. అందుకే రాస్తున్నాను. నేను చూసిన కొండలు, నడిచిన నడక, పడిన భయం అన్నీ నీకు వరసగా చెప్పాలి. తిరిగొచ్చి వారమైనా నా కాళ్లు ఇంకా ఆ కొండల మీదే ఉన్నాయి.

ముందు నీ ప్రశ్నలు. ఇక్కడి గొర్రెల వీపున నీలం రంగు ఎవరివో గుర్తుపట్టడానికి పూస్తారు. కాపరి ఎక్కడుంటాడని అడిగావు. ఇంట్లో ఉంటాడు. కంచె వేసి వదిలేస్తారు, రాత్రి మందలో ఎవరూ పడుకోరు. నువ్వు నమ్మవని ఫోటో కూడా పెడుతున్నాను. నా పనేమిటంటే, రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాల మీద చిన్న గీత కూడా లేదని చూసి సంతకం పెట్టడం. మన ఇంట్లో వేలిముద్ర కానిది ఆ సంతకమొక్కటే అని నువ్వు నవ్వావట, సారు రాశారు. ఇంకొక ప్రశ్న మిగిలింది. దాన్ని చివరికి ఉంచాను.

"మన మందల నాలుగు కుక్కలున్నయి, ఒక్కదానికి ఆధారు లేదు. ఆడనేమో కుక్కకు పాసుపోర్టా?" అని రాయించావు. నిజమే నాయినా, నీలం రంగు పుస్తకం. నాకు వీసా రావడానికి ఆరు వారాలు పట్టింది. బ్రాన్‌కు ఒక్క సూదిమందుతో సరిపోయింది.

బ్రాన్ మా ఇంటి ఓనరు నోరీన్ వాళ్ల గొర్రెల కుక్క. నలుపూ తెలుపూ. నోరీన్‌కు డెబ్బై ఏళ్లు, నాకు పైగది అద్దెకిచ్చింది. వాళ్లాయన పోయి రెండేళ్లయింది. ఆయన ఏటా బ్రాన్‌ను తీసుకుని నడిచే కొండలకు ఈసారి తాను వెళ్లాలనుకుంది. బండి తోలగలదు గానీ మోకాళ్లు కొండెక్కనివ్వవు. "నువ్వు కాళ్లివ్వు, నేను చక్రాలిస్తాను" అంది. నేను సెలవు పెట్టేశాను.

ఓడలో ఒక రోజు, బండిలో రెండు రోజులు. ఫ్రాన్స్ దక్షిణ కొసన, స్పెయిన్ హద్దు పక్కన, బాన్యూల్స్ అనే చిన్న ఊరు. అక్కడ కొండలు తిన్నగా సముద్రంలోకి దిగిపోతాయి. ఐర్లాండులా పచ్చగా ఉంటుందనుకున్నాను. కాదు నాయినా, మన గుట్టలే! ఎండిన గడ్డి, ముళ్ల పొదలు, కాలికింద గలగలమనే పలకరాళ్లు. ఏ ఆకు నలిపినా ఘాటు వాసన. ద్రాక్షతోటలకు సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గట్లు కట్టారు, మన దొడ్డి గోడలాగే. నాలుగేళ్లు మెత్తటి గడ్డి మీద నడిచి నా కాళ్లు రాళ్లను మరిచిపోయాయనుకున్నాను. మరవలేదు. దారిలో దాటిన వాళ్లందరూ చేతికర్రలతో దిగుతుంటే నేను మేకపిల్లలా దూకాను. బ్రాన్ ముందుకు ఉరికి, వెనక్కి తిరిగి, నన్ను చుట్టి, నన్నొక్కదాన్నే మందగా చేసి తోలాడు. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క కొండ, మధ్యలో మేమిద్దరం. గట్టిగా పాట అందుకున్నాను. వినేవాళ్లెవరూ లేరు, బ్రాన్ ఏమీ అనుకోలేదు.

మూడో రోజు గాలి లేచింది. నిలబడనివ్వని గాలి. అడవిపందుల కోసం వేటగాళ్లు ఎక్కడో దగ్గర్లోనే తుపాకీ పేల్చారు. గాలి అని ఆ రోజు బ్రాన్‌కు కట్టిన తాడు నా చేతిలోంచి జారిపోయింది. చూస్తుండగానే బ్రాన్ గట్టు దూకి పొదల్లో మాయమయ్యాడు. మూడు గంటలు పిలిచాను. నా గొంతును గాలి నా మొహానికే తిప్పి కొట్టింది.

కిందికి దిగి నోరీన్‌కు చెప్పాను. తిట్టలేదు. "ముందు టీ తాగు. వాడు గ్రాండ్‌గానే ఉంటాడు" అంది. ఇక్కడివాళ్లకు గ్రాండ్ అంటే క్షేమం. కప్పు నా చేతికిచ్చి, "ఆయన పోయాక పొద్దున్నే నన్ను మంచం మీంచి లేపింది వాడే" అంది. ఆ మాట కన్నా తిట్టు నయం.

అప్పుడు నాకు మన మంద కుక్క నల్లోడు గుర్తొచ్చాడు. నేను ఆరో తరగతి సెలవుల్లో మంద వెంట వచ్చినప్పుడు లారీ హారనుకు బెదిరి పారిపోయాడు కదా. నేను ఏడుస్తుంటే నువ్వు, "దాన్ని మనం దేవులాడొద్దు బిడ్డా. అదే మనల్ని దేవులాడుకుంటది. మన వాసన ఈడ పెట్టి పోదాం" అని నీ గొంగడి అక్కడే పరిచావు. ఆ చలిలో గోనెసంచి కప్పుకుని పడుకున్నావు. తెల్లారి చూస్తే నల్లోడు దాని మీదే ఉన్నాడు.

బండిలోంచి బ్రాన్ పక్కగుడ్డ తీసుకుని, పొద్దు ఉండగానే మళ్లీ ఎక్కాను. వాడు నన్ను వదిలిన చోటే పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలకు నాలుగు రాళ్లు పెట్టి వచ్చాను. ఆ రాత్రి నోరీనూ నేనూ అన్నం ముట్టలేదు.

తెలతెలవారుతుండగా ఎక్కాను. చివరి మలుపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి, చూడటానికి ధైర్యం చాలలేదు. చూశాను. ఉన్నాడు నాయినా! నాలుగు రాళ్ల మధ్య ముడుచుకుని, చెవుల నిండా ముళ్లతో, "ఇంత ఆలస్యమా" అన్నట్టు తల ఒక్కటి ఎత్తాడు.

సారూ, ఇక్కడినుంచి నిదానంగా చదవండి. మా నాయిన మొహం చూసి, ఆగి చదవండి.

ఆ పక్కగుడ్డ నువ్వు నాకిచ్చిన గొంగడి. నల్ల గొర్రెపిల్లల మొదటి ఉన్ని అవ్వ వడికితే, చింతగింజల గంజి పట్టించి నువ్వు నేసింది. బయల్దేరే ముందు వాసన పోవాలని అవ్వతో మూడుసార్లు ఉతికించాను. నువ్వు బీడీ ముట్టించుకుని బయటికెళ్లావు. మొదటి ఏడాది చెర్రీవుడ్ అనే చోట నాతో ఫ్లాట్‌లో ఉన్న సుధేష్ణ, "ఏంటే, సూట్‌కేసులో మేకను తెచ్చావా?" అని నవ్వింది. సామాను చుట్టిన గుడ్డ, పారేస్తాను అన్నాను. పారేయలేదు, కప్పుకోలేదు. అల్మారాలో అడుగున కుక్కాను. నిరుడు చలికాలం నోరీన్ ఇంట్లో బ్రాన్ దాన్ని లాక్కొచ్చి పొయ్యి ముందు పరుచుకున్నాడు. ఎవరు నేశారని నోరీన్ అడిగితే సంతలో కొన్నానన్నాను. నీకేమో రోజూ కప్పుకుంటున్నానని నాలుగేళ్లుగా రాస్తున్నాను.

ఆ పొద్దున కొండ మీద చలికి పళ్లు టకటకలాడాయి. దులిపి, నువ్వు వేసుకున్నట్టే తల మీదుగా కొప్పెర వేసుకున్నాను. ఊలు, గంజి, కుక్క, మన మంద అన్నీ కలిసిన వాసన. అలాగే దిగాను. నోరీన్ బ్రాన్‌ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత నా తలమీది నుంచి కిందిదాకా చూసి, మళ్లీ అడిగింది, ఇది ఎవరు నేశారని.

"మా నాయిన. గొర్రెల కాపరి" అన్నాను.

"అయితే రాత్రంతా వాడు మీ నాయిన దగ్గర పడుకున్నాడన్నమాట" అంది.

గొంగడి చలి ఆపుతున్నదా బిడ్డా అని అడిగావు కదా, మిగిలిన ప్రశ్న అదే. ఆపుతుంది నాయినా. ఆ ఒక్క పొద్దునే తెలిసింది. కానీ అది ఇక బ్రాన్‌ది, అడిగినా ఇవ్వడు. ఈసారి ఉన్ని కత్తిరించినప్పుడు నాకింకొకటి నెయ్యి. కొంచెం పొడుగ్గా. అవ్వకు చెప్పు, ఉతకొద్దని.

ఇట్లు,
కురుమోళ్ల మల్లయ్య బిడ్డ
దేవమణి