పేరంటాలమ్మ పాలపళ్లు

రాచర్ల,
జూన్ 11

నా తల్లి నాగలక్ష్మికి మేనత్త రంగనాయకమ్మ దీవెనలు.

ఫోనులో నాకు సగం వినపడదు, ఆ సగానికీ నువ్వు అరుస్తావు. అందుకే ఈ కాగితం.

గిద్దలూరు రోడ్డు వెడల్పు చేస్తూ మన ఇంటి కోడలు పేరంటాలమ్మ దిబ్బను సగం కోసేశారు. ఎముకలు బయటపడ్డాయి. హైదరాబాద్‌లో నువ్వు పనిచేసే ల్యాబుకే ఆఫీసర్లు పంపుతామంటే ఊరంతా వద్దంది. నేనే దగ్గరుండి ఒప్పించాను. మొగుడు పోయాక ఆ తల్లి నలభై రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా నవ్వుతూ ప్రాణం వదిలిందంటే, ఈ కాలం పిల్లలు కట్టుకథ అంటున్నారు. ఎముకను పరీక్షిస్తే మనిషి ఏం తిన్నదీ తెలుస్తుందని నువ్వే చెప్పావుగా. తేల్చి రాసి పంపు. ఫ్రేము కట్టించి గుడిలో పెడతాను.

మీ గిరిధర్ బావ పోయి మూడు నెలలు. కడుపుకోత చెప్పుకుంటే తీరేది కాదు. కోడలు రమ్యశ్రీ మాత్రం మన ఇంటి ఆచారం తప్పకుండా, అమ్మ పేరు చెప్పుకుని నాలాగే ఒంటిపూట తింటోంది.

మీ అత్త

హైదరాబాద్,
జూన్ 20

ప్రియమైన అత్తకు,

పెట్టె చేరింది. ఎముకలు మట్టిగడ్డల్లోనే ఉన్నాయి, ఇంకా విప్పలేదు. శుభ్రం చేసి పరీక్షించడానికి మూడు నెలలు పడుతుంది.

నిన్న రమ్యక్క ఫోన్ చేసింది. రేషన్ షాపు దగ్గర కళ్లు తిరిగి పడిపోయిందట కదా, ఆ సంగతి నువ్వు రాయలేదేం? బావ పోయిన బాధ చాలదా, పైగా పస్తులా? నీకు దండం పెడతాను, రెండు పూటలా పెట్టు.

నాగలక్ష్మి

రాచర్ల,
జూన్ 29

నాగూ,

పిల్ల వచ్చి గుడ్డును వెక్కిరించినట్టుంది నీ వరస. మీ మామయ్య పోయినప్పటి నుంచి, ఇరవై రెండేళ్లుగా నేను ఒంటిపూటే. నాకేమయింది? గుండ్రాయిలా ఉన్నాను.

సరే, ఒక మాట. అమ్మ తిండి మానలేదని నీ మిషను చెబితే, ఆ పూటే రమ్యశ్రీకి రెండోపూట వడ్డిస్తాను. మానిందని తేలిందా, ఇంకెప్పుడూ ఈ ఊసెత్తకు.

రంగనాయకమ్మ

హైదరాబాద్,
సెప్టెంబర్ 22

అత్తా,

పందెం నువ్వే గెలిచావు. ఆమె తిండి లేకుండానే పోయింది. నలభై రోజులు కాదు, ఇంకా ఎక్కువ.

పంటి వేరు పెరిగేకొద్దీ పొర మీద పొర పడుతుంది. ఆ రోజుల్లో తిన్న తిండి జాడ ఆ పొరలో నిలిచిపోతుంది. మొదటి పొరల్లో జొన్న, సజ్జ, పాలు కనిపించాయి. చిట్టచివరి పొరలో మాత్రం, తిండి లేక ఒళ్లు తన కండనే తాను కరిగించుకున్న గుర్తు ఉంది.

 పెద్దవాళ్లకు పంటి వేరు పెరగదత్తా. దవడలో వెనక పాలపళ్లు ఇంకా ఊడలేదు. వేరే పిల్ల ఎముకలేవో కలిసిపోయాయనుకుని మళ్లీ మళ్లీ చూశాను. ఇంకో ల్యాబుకు కూడా పంపాను. అన్నీ ఒక్క మనిషివే, మూడొందల ఏళ్ల నాటివే. ఆడపిల్ల. తొమ్మిదేళ్లుంటాయి.

పెట్టలేదో, తానే తినలేదో ఎముక చెప్పదు. తెలియనిది నేనూ చెప్పను. కానీ ఆ పిల్లకు మనం పసుపు కుంకుమ పెట్టి మొక్కుతున్నాం.

ఇక నీ ఇష్టం.

నీ నాగూ

రాచర్ల,
అక్టోబర్ 3

నా బంగారు తల్లి నాగూకి,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు గుడి వైపు వెళ్లలేదు. కరువు కాలమేమో అని సర్దిచెప్పుకున్నాను. కరువులో పోయిన పిల్లకు గుడి ఎవరు కడతారే? రమ్యశ్రీ కూతురికి ఎనిమిది నిండాయి. అన్నం గంట ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తుంది. దాని వంక చూసినప్పుడల్లా దిబ్బలో పిల్లే కనబడింది. ఆ పసిది అన్నం అడగకుండా ఉంటుందా? అడిగితే తలుపేసింది ఎవరు? మన ఇంటివాళ్లే కదా.

నాలుగోరోజు సాయంత్రం రెండు కంచాలు పెట్టి రమ్యశ్రీని పిలిచాను. అది కదల్లేదు.

"వద్దత్తా. అమ్మ చూస్తా ఉంటాది. నువ్వే కదా చెప్పినావు" అంది.

నేను నేర్పిన పాఠమే నాకు అప్పజెప్పింది. "అమ్మ కాదే, పాలపళ్లు ఊడని పిల్ల" అన్నాను. నాకు మతి పోయిందనుకుంది. నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి కంచం ముందు కూర్చుంది. రెండో కంచం నా వైపు జరిపింది.

"అట్లయితే ముందు నువ్వు తిను."

ఇరవై రెండేళ్ల తర్వాత పొద్దుగూకే వేళ ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వేడన్నం, గోంగూర పప్పు. నన్ను చూసి అదీ కలుపుకుంది. ఇద్దరం గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాం.

నాగూ, రెండోపూట నాకు ఆకలే వేయదని ఊరందరికీ గొప్పగా చెప్పుకున్నాను. అబద్ధమే తల్లీ. రోజూ వేసేది.

మీ అత్త,
రంగనాయకమ్మ