టోవె వాగు

టోవె అక్కా,

ఎప్పుడో తవ్వి గీత గీసినట్టు చేసిన మన పొలం వాగును, చేపలు తిరిగి వచ్చేలా మళ్లీ వంపులు తిప్పుదామని మూడేళ్లు అడిగాను. "నీ చదువు తగలెయ్య, బార్లీ మునుగుతుందే" అన్నాడు నాన్న. పోయిన క్రిస్మస్‌కి నువ్వు కోపెన్‌హాగన్ నుంచి వచ్చి, కాఫీ తాగుతూ ఒక్కసారి అడిగావు. సరేనన్నాడు.

చన్నీళ్లలో నిలబడి గులకరాళ్లు పరిచింది నేను. ఊళ్లో మాత్రం అది "టోవె వాగు".

నిన్న ఆ రాళ్ల మధ్య ఒక ట్రౌట్ చేప తోకతో గుంట చేసి గుడ్లు పెట్టింది. నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు చూసి, "టోవెకి రాయవే, పొంగిపోతుంది" అన్నాడు.

అందుకే రాస్తున్నాను. వసంతంలో గుడ్లు పిల్లలయ్యేదాకా ఆ నీళ్లలో ఎవరూ అడుగు పెట్టకూడదు. కాబట్టి ఈ క్రిస్మస్‌కి నువ్వు రాకపోయినా ఏం ఫర్వాలేదు.

నీ చెల్లెలు