చెవి కావలెను

మార్చి 3

మా కంపెనీ ఆస్తులు: ఇనప రాడ్డు ఒకటి, సుత్తులు రెండు, ఉలులు నాలుగు, స్కూటర్ ఒకటి, నాన్న చెవి ఒకటి. నేల కింద పైపు ఎక్కడ కారుతోందో కనిపెట్టడం మా వృత్తి. నాన్న రాడ్డు ఒక కొన నేలకి ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని వింటాడు. సుద్దముక్కతో గీత గీస్తాడు. నేను పగలగొడతాను. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆ గీత తప్పలేదని పేరు.

డిగ్రీ చదివి వచ్చి నేను చేసిన అభివృద్ధి ఏమిటంటే, ఫోన్‌లో ఒక పేజీ పెట్టడం. వారానికి రెండు కాల్స్ వచ్చేవి, తొమ్మిదయ్యాయి. నాకేమో వినడం రాదు. రాడ్డు పెట్టుకుంటే నా గుండె చప్పుడే వినిపిస్తుంది. ఇంకో మనిషిని పెట్టుకుందామన్నాను. నా చెవికి అసిస్టెంటా అని నాన్న పగలబడి నవ్వాడు.

మార్చి 5

టీచరమ్మ గారి హాల్లో నాన్న గీశాడు. పగలగొట్టాను. అడుగున మట్టి పొడిపొడిగా రాలింది. ఈమధ్య ఇది మూడో పొరపాటు. మొదటి రెండుసార్లూ నేనే గీత పక్కన కొట్టానని ఒప్పుకున్నాను, కొడుకుగా అది నా డ్యూటీ. టీచరమ్మ గుంతలోకి తొంగిచూసి, బాబూ, మీరు వెతికేది నీళ్ళనా, నిధినా అంది.

సామాను సర్దుతుంటే సుత్తి చేయి జారి నాన్న వెనకే దభేలున పడింది. టీచరమ్మ ఉలిక్కిపడింది. పిల్లి పారిపోయింది.

నాన్న వెనక్కి తిరగలేదు.

మార్చి 6

ఈ రోజు నాన్న వెనక నిలబడి ఏడుసార్లు దగ్గాను. ఎనిమిదోసారి నిజంగానే దగ్గు వచ్చింది.

మార్చి 7

అమ్మకి ముందే తెలుసట. ఏడాదిగా ఆయన ముందు పెదాలు పెద్దగా కదుపుతూ మాట్లాడుతోందట. నేను చాదస్తం అనుకున్నాను. ఒరేయ్, ఆయనకి చెప్పావో జాగ్రత్త, ఆ చెవి లేదని తెలిస్తే మనిషి మంచం దిగడు అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చెప్పకపోతే ఇంకో రెండు గుంతలతో దుకాణం మూత. చెబితే నాన్న మూత. ఇక్కడొక జోకు వేద్దామని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు.

మార్చి 9

ప్రకటన ఇచ్చాను. చెవి కావలెను, మనిషితో సహా.

వచ్చినవారిలో మొదటాయన ఫంక్షన్లకి స్పీకర్లు పెడతాడట. ప్రతి ప్రశ్నకీ ఆఁ అన్నాడు. రెండో ఆయన పక్కింటి గొడవలన్నీ తన మంచం మీంచే వినగలడట. అనుభవం మంచిదే గానీ ఆ గొడవల్లో సగం ఆయన వల్లేనట. మూడో ఆయన రాలేదు.

మార్చి 11

ఒక రిటైర్డ్ నర్సమ్మ వచ్చింది. ముప్పయ్యొక్క ఏళ్ళు పసిపిల్లల వార్డులో పనిచేసిందట. ఊపిరితిత్తుల్లో ఎక్కడ గురగురమంటోందో డాక్టరు కన్నా ముందే చెప్పేదాన్ని అంది. కోడలి టీవీ భరించలేక ఉద్యోగానికి వచ్చానంది.

పరీక్ష పెట్టాను. పెరట్లో పాతిన పైపుని ఒకచోట వదులు చేసి, మట్టి కప్పి, వెతకమన్నాను. రాడ్డు ఆనించి, కాసేపు ఊపిరి ఆపు నాయనా, నీ ముక్కులో రైలు పోతోంది అంది. నాలుగు నిమిషాల్లో చోటు చూపించింది. కాళ్ళ మీద పడబోయాను. ముందు జీతం సంగతి చెప్పమంది.

బిల్లులు రాయడానికి పెట్టుకున్నామని నాన్నకి చెప్పాను. బిల్లులకే మనిషిని పెట్టేంత అయ్యామన్నమాట అని మురిసిపోయాడు.

మార్చి 16

మా కొత్త టెక్నాలజీ ఇది. నాన్న గీస్తాడు. ఆయన్ని ఇంటాయనతో టీకి పంపిస్తాను. నర్సమ్మ వింటుంది. నాన్న గీత చెరిపేసి, ఆవిడ చెప్పినచోట పగలగొడతాను. నాన్న వచ్చేసరికి నీళ్ళు. నాలుగిళ్ళు, నాలుగూ కరెక్ట్. చూశావా అని నాన్న నా వీపు తట్టాడు. నాలుగుసార్లు తట్టాడు. ఒక్కొక్కటీ చెంపదెబ్బలా తగిలింది.

ఎన్నాళ్ళు నాయనా ఈ నాటకం అంది నర్సమ్మ. మీరు బిల్లు రాయండి అన్నాను.

మార్చి 19

అపార్ట్‌మెంట్ల ప్రెసిడెంట్ ఫోన్ చేశాడు. మొదటి బ్లాకులో లీకు కనిపెడితే మూడు బ్లాకుల పనీ ఏడాది పొడుగునా మాదే. తప్పితే ఈ వీధి ఛాయలకే రావొద్దన్నాడు. పెద్దాయనే వినాలి, మేమంతా నిలబడి చూస్తాం అన్నాడు.

అంటే టీకి ఎవరూ వెళ్ళరు.

మార్చి 21, మధ్యాహ్నం 2

పార్కింగ్‌లో ఇరవై మంది. నర్సమ్మ పొద్దున్నే వచ్చి విని వెళ్ళింది. మళ్ళీ మాతో వచ్చి, లీకు ఉన్నచోటే బిల్లుబుక్కుతో నిలబడి ఉండాలని మా ఒప్పందం. నాన్న విన్నాడు, గీశాడు. ఆవిడకి పదడుగుల దూరంలో.

సుత్తి పట్టుకుని మధ్యలో ఆగిపోయాను. ఏంటి బాబూ, నేలని బతిమాలుతున్నావా అన్నాడు ప్రెసిడెంట్. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు, వాళ్ళ నోళ్ళు చూసి.

నాన్న గీత దాటి వెళ్ళాను. నర్సమ్మ పక్కకి జరిగింది. కొట్టాను. నీళ్ళు చిమ్మాయి. చప్పట్లు.

నాన్న నా వైపు చూడలేదు. తన గీతని తనే చెప్పుతో చెరిపేశాడు.

మార్చి 22

కాంట్రాక్టు వచ్చింది. నాన్న మంచం దిగలేదు.

మార్చి 24

అమ్మ ఇప్పుడు నాతో కూడా పెదాలతోనే మాట్లాడుతోంది. గొంతు వినిపించడం లేదు.

మార్చి 26

నర్సమ్మ రాడ్డు పట్టుకుని నాన్న గదిలోకి వెళ్ళి తలుపేసింది. లోపల్నుంచి ఆవిడ అరుపులు వీధి దాకా వినిపించాయి. అన్నయ్యగారూ, మూసుకుపోయింది చెవి గుమ్మమే, ఇల్లు కూలలేదు, ఎముక గుండా కూడా వినొచ్చు, ఈ రాడ్డుని పళ్ళతో పట్టుకుని చూడండి అంది. నేనేమన్నా కుక్కనా అని నాన్న గర్జించాడు. అయిదు రోజుల్లో అదే మొదటి మాట. అమ్మ గరిటె పట్టుకునే ఏడ్చేసింది. కుక్కలకి ఇంత పంతం ఉండదు అంది నర్సమ్మ.

తర్వాత లోపల రాడ్డు నేలకి ఆనిన చప్పుడు వినిపించింది.

మార్చి 28

రెండో బ్లాకు. మళ్ళీ అందరూ ఉన్నారు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని రాడ్డు కొన పళ్ళ మధ్య బిగించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. సుద్దముక్క తీసి గీశాడు.

నర్సమ్మ ఇక్కడ వినలేదు. వినమని నేను అడగలేదు.

గీత మీద ఉలి పెట్టాను.