ఒట్టుకూ శాపానికీ ఒకటే వేరు

దోహా

సుమలత వదినకు,

క్షేమమని రాయడానికి మొహం చెల్లడం లేదు. ఫోన్‌లో చెప్పలేనిది రాసి, సెలవు మీద ఊరికొస్తున్న ఇక్రాముద్దీన్ భాయ్ చేతికిస్తున్నాను.

"మీ అన్న సేఫ్టీ బెల్టు తనే ఇప్పుకున్నడా? నా మీద ఒట్టేసి చెప్పు" అని నువ్వడిగావు. ఒట్టేసి అవునన్నాను. అప్పుడు పక్కనే క్యాంప్ బాస్ ఉన్నాడు. అది అబద్ధం వదినా. ఆ వారం సైటుకు బెల్టులే రాలేదు.

అన్న పైనుంచి పడి చనిపోయిన మర్నాడు, సెర్బియా ఇంజనీరు మిలోరాద్ కాగితం తెచ్చాడు. అన్నే బెల్టు విప్పుకున్నాడని అందులో ఉంది. సంతకం పెట్టకపోతే ఇంటికి పంపేస్తామన్నాడు. పెట్టాను. తర్వాత గుండె మీద చెయ్యి వేయించి "జక్లెత్వా" అన్నాడు. క్రేన్ మొరాయించినప్పుడల్లా దానికి "క్లెత్వా" తగిలిందంటాడు. ఆ మాటకు శాపమని అర్థం. అందుకే, "నాకెందుకు శాపం పెడ్తున్నవ్ సార్?" అని అడిగాను.

ఫక్కున నవ్వాడు. "శాపం కాదు, ఒట్టు. మా భాషలో రెండూ ఒకే వేరు నుంచి పుట్టాయి" అన్నాడు, వచ్చీరాని హిందీలో.

మన శపథమూ శాపమూ అంతేనని బడిలో తెలుగు సారు చెబుతుంటే నిద్రపోయాను. ఇప్పుడు ఎంత రమ్మన్నా నిద్ర రాదు.

నీ మీద వేసిన దొంగ ఒట్టు నీకు తగలకూడదు. పిల్లల ఒట్టులా తీసి గట్టున పెడితే పోయేది కాదది. నోరారా శపించి, నా మీదకే తిప్పు. తర్వాత ఈ ఉత్తరం వకీలుకు చూపించు. కింద సంతకం నాదే. దీనికి ఎవరూ నాతో ఒట్టు వేయించలేదు.

నీ మరిది