దారం కట్టిన ఆనపకాయ

నరసాపురం కాపురస్తురాలు, కీర్తిశేషులు మద్దాల సామ్యేలు గారి భార్య ఏసమ్మ అను నేను, డెబ్బై మూడేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించుకుంటున్న వీలునామా. నా బుద్ధి స్థిరంగానే ఉంది. మోకాళ్లు మాట వినడం లేదు గానీ, వాటితో ఈ కాగితానికి పని లేదు.

1. నేను ఉంటున్న డాబా ఇల్లు నా తదనంతరం నా కుమారుడు విజయ్ పాల్‌కు సర్వహక్కులతో చెందవలెను.

2. ఇంటి పక్క ఆరు సెంట్ల స్థలం నేను లేసు అల్లి కొనుక్కున్న స్వార్జితం. అందులో షాపులు కట్టాలని విజయ్ పాల్ ఆశ. నాయనా, కోపం తెచ్చుకోకు. కరోనా ఏడాదిలో మార్కెట్ మూసేస్తే వీధిలో పదకొండు ఇళ్లవాళ్లం ఆ నేల తవ్వి బెండ, వంగ, గోంగూర వేసుకుని బతికాం. ఆ కూరలు నువ్వూ తిన్నావు. ఆ స్థలం నా మేనకోడలు ఆశాజ్యోతి పేరున ఉండవలెను. ఒక్క ఇల్లయినా అక్కడ సాగు చేస్తున్నంతకాలం అమ్మరాదు, గేటుకు తాళం వేయరాదు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే.

3. నేను అల్లిన తెల్ల లేసు దుప్పటి విజయ్ పాల్‌కే. చిన్నప్పుడు వాడు దాని మూల కత్తెరతో కత్తిరిస్తే కొట్టాను. ఆ మూల మళ్లీ అల్లలేదు. చూసినప్పుడల్లా వాడి చిన్న చేతులు గుర్తొస్తాయి.

4. బోరు మోటారు, పలుగు, పారలు తోటకే. తోటలో సాగు చేసే పెదబాబు గారు తన వంతు కాని రోజున నీళ్లు పెట్టుకుంటారని నాకు తెలుసు. తెలుసని ఆయనకు చెప్పవలెను.

5. నా విత్తనాల సీసాలన్నీ ఎదురింటి బుల్లెమ్మ గారికి. కారణం రాయకపోతే నాకు నిద్ర పట్టదు. విత్తనానికి వదిలిన కాయకు నేను లేసు దారం కడతాను. దాన్ని ఎవరూ కోయకూడదన్నది మా తోట కట్టుబాటు. 2022 వరదకు తోట మునిగి ఒక్క ఆనపకాయ మిగిలింది. ఇంకా లేతగా ఉండగానే దారం కట్టాను. మర్నాటికి కాయ లేదు. వీధిలో నిలబడి అందరినీ అడిగాను. "నేనే కోశానండి" అన్నారు బుల్లెమ్మ గారు. పదిమందిలో ఆమెను దొంగ అన్నాను. ఆమె తోటకు రావడం మానేశారు. మూడేళ్లు మాటల్లేవు.

మొన్న నాకు మందులు తెచ్చిచ్చిన ఆమె మనవరాలు దుర్గాశ్రీ చెప్పింది. ఆ వారం వాళ్లింట్లో బియ్యం తప్ప ఏమీ లేవట. ఆ కాయ పులుసే రెండు రోజులు తిన్నారట. ఎవరూ పస్తుండకూడదనే ఆ తోట వేశాం. బుల్లెమ్మ గారూ, తప్పు నాది. సంతకం పెట్టి ఇంటికి వెళ్తూ మీ గుమ్మం దగ్గర ఆగుతాను. ధైర్యం చాలకపోతే ఇదే నా క్షమాపణ అనుకోండి. తోటకు మాత్రం రండి.

6. ఇకమీదట తోటలోని ఆనప పందిట్లో రెండు కాయలకు దారం కట్టవలెను. ఒకటి విత్తనానికి. రెండోది, ఇంట్లో వండుకోవడానికి ఏమీ లేనివాళ్లకు. మొదటి దారం బుల్లెమ్మ గారు కట్టాలి. రెండో కాయ ఎవరు కోశారని ఎవరూ, ఎప్పుడూ అడగకూడదు.

నరసాపురం, 14 నవంబరు 2025

(సంతకం) మద్దాల ఏసమ్మ

సాక్షులు:
1. చంద్రరావు, రిటైర్డ్ టీచరు
2. ఫిన్నీ, చర్చి గుమాస్తా